వెల్తా గారూ, త్వరగా కోలుకోండి

ఎల్మార్స్ క్రూజె ట్రామ్ డిపోలో ముప్పై ఎనిమిదేళ్ళు మెకానిక్కుగా పనిచేసి జూన్‌లో రిటైరయ్యాడు. ఆఖరి రోజు తోటివాళ్ళు కేకు కోయించి, అతని చేతిలో ఒక కవరు పెట్టారు. అందులో ఇద్దరికి ఒకరోజు విహారయాత్ర కూపను ఉంది. పొద్దున రీగాలో బస్సెక్కితే సిగుల్దా, తురైదా కోటలు చూపించి, మధ్యాహ్నం త్సేసిస్ పాత ఊళ్ళో తిప్పి, సాయంత్రానికి తీసుకొచ్చి దింపుతారు.

"జీవితమంతా పట్టాల మీదే గడిపావు. మీ ఆవిణ్ణి తీసుకుని ఒక్కరోజైనా రోడ్డు మీద తిరిగి రావయ్యా," అన్నాడు ఫోర్‌మన్ గుంటిస్.

అందరూ నవ్వారు. ఎల్మార్స్ కూడా నవ్వి కవరు జేబులో పెట్టుకున్నాడు. అప్పటికి వెల్తా అతన్ని వదిలి వెళ్ళిపోయి పదమూడు నెలలైంది.

ఆ సంగతి డిపోలో ఎవరికీ తెలియదు. పనిగట్టుకుని దాచిందేమీ లేదు. ఆమె వెళ్ళిన కొత్తలో, వారం పది రోజుల్లో తిరిగొచ్చేస్తుంది, ఈలోగా నలుగురికీ చెప్పుకోవడం ఎందుకనుకున్నాడు. నెల గడిచాక, ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతారనిపించింది. ఆరు నెలలయ్యాక ఇక ముఖం చెల్లలేదు. "వెల్తా ఎలా ఉంది?" అని ఎవరైనా అడిగితే "బాగానే ఉంది" అనేవాడు.

గొడవేమీ జరగలేదు. మే నెలలో ఒక ఆదివారం భోజనమయ్యాక వెల్తా గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని, అతని ఎదురుగా కూర్చుంది.

"ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మాట్లాడుతున్నాను ఎల్మార్స్. నువ్వు చెడ్డవాడివని అనను. కానీ నాకు విసుగొచ్చేసింది. ఓగ్రె లైబ్రరీలో పని దొరికింది. అక్కడే ఒక గది చూసుకున్నాను," అంది.

అతనికి చాలా అనాలనిపించింది. ఒక్క ముక్క బయటికి రాలేదు. వెల్తా కాసేపు చూసింది. "అదిగో, ఇప్పుడు కూడా," అని లేచింది.

ఓగ్రె ఎంతో దూరం కాదు, రైల్లో ముప్పావుగంట. రెండుసార్లు స్టేషన్ దాకా వెళ్ళాడు. వెళ్ళి ఏం మాట్లాడాలో తోచక వెనక్కొచ్చేశాడు.

వేసవంతా గుంటిస్ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. "వెళ్ళొచ్చారా?" "ఇంకా లేదు." "ఏమయ్యా, అంతమందిమి కూర్చుని ఏరి ఏరి కొన్నాం. అక్టోబరు ఆఖరికి గడువైపోతుంది, చూసుకో." పోనీ ఎవరికైనా ఇచ్చేద్దామంటే కూపను మీద ఇద్దరి పేర్లూ అచ్చేసి ఉన్నాయి. చివరికి అక్టోబరు మూడో శనివారం గడ్డం గీసుకుని, మంచి కోటు తొడుక్కుని, ఒక్కడే బయల్దేరాడు.

అతను వెళ్ళేసరికి బస్సు దాదాపు నిండిపోయింది. మెట్ల దగ్గర గైడు ఇంగునా జాబితా పట్టుకుని నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయి. మైకు అక్కర్లేని గొంతు.

"క్రూజె... ఎల్మార్స్, వెల్తా. ఇద్దరు. రెండోవారేరండీ? కాఫీకి వెళ్ళారా?"

ముందు వరసల్లో వాళ్ళు తలలు తిప్పి చూశారు. ఏం చెప్పాలో ఎల్మార్స్ ముందుగా అనుకుని రాలేదు.

"ఒంట్లో బాగాలేదు," అన్నాడు.

"అయ్యో! ఏమైంది?"

"జ్వరం."

ఇంగునా జాబితాలో ఒక పేరు మీద గీత గీసి, పాపం అన్నట్టు అతని మోచేయి తట్టింది. అతను నాలుగో వరసలో కిటికీ పక్కన కూర్చున్నాడు. నడవకు అవతలి సీట్లలో డెబ్భై అయిదు దాటిన దంపతులున్నారు. ఆవిడ పేరు ఔస్త్రా, ఆయన జానిస్. బస్సు ఊరు దాటకముందే ఔస్త్రా ఇటు వంగింది.

"మీ ఆవిడకేనా నాయనా జ్వరం? ఎంతుంది? చూశావా?"

"ముప్పై ఎనిమిది డిగ్రీలు."

"మందేసుకుందా?"

"వేసుకుంది. పడుకుంది."

"మరి ఒక్కదాన్నీ వదిలేసి ఎలా వచ్చావయ్యా?"

"తనే వెళ్ళమంది. కూపను పాడైపోతుందని."

"మంచి మనిషి," అని ఔస్త్రా మెచ్చుకుంది. "ఈయనకి జ్వరమొస్తే నన్ను వంటింట్లోకి కూడా పోనివ్వడు."

జానిస్ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు.

వెల్తా గురించి ఎల్మార్స్ ఎవరితోనైనా ఇన్ని మాటలనడం ఏడాదిన్నరలో ఇదే మొదలు. అబద్ధాలాడాననే సిగ్గుకంటే ముందు అతనికి ఇంకేదో కలిగింది. ఇంట్లో ఆమె నీలం దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నట్టు, మంచం పక్క బల్ల మీద టీ చల్లారిపోతున్నట్టు కనిపించింది. బస్సు బిర్చ్ చెట్ల మధ్య నుంచి పోతుంటే, ఆ గదిని అలాగే చూస్తూ కూర్చున్నాడు.

సిగుల్దాలో పాత కోట గోడల ముందు ఇంగునా గంటసేపు మాట్లాడింది. ఖడ్గసోదరులని పేరుపెట్టుకున్న జర్మన్ యోధులు, లివ్ తెగల పెద్దలు, ఎవరు ఎవరిని తగలబెట్టారో అంతా. చిన్నప్పుడు బడి వాళ్ళు తీసుకొచ్చినప్పుడు విన్నదే. ఆ తర్వాత ఫొటోలకు పావుగంట ఇచ్చారు. అందరూ జంటలుగా వచ్చినవాళ్ళు. ఒంటరిగా నిలబడినవాడు ఇతనొక్కడే కావడంతో ఫోన్లన్నీ ఇతని చేతికొచ్చాయి. "కాస్త మా ఇద్దరినీ తీసిపెడతారా?" "వెనక బురుజు పడేటట్టు చూడండి." "ఇంకొకటండీ, నా కళ్ళు మూసుకుపోయాయి." ఏడు జంటలకి తీశాడు. చివర్లో ఇంగునా అతన్ని కూడా గోడ పక్కన నిలబెట్టి, అతని ఫోనుతోనే ఒకటి తీసింది.

"నవ్వండి ఎల్మార్స్ గారూ! ఇంట్లో వెల్తా గారు చూడాలి కదా!"

నదికి అవతల తురైదా. ఎర్ర ఇటుకల కోట, అందులో ఆకాశంలోకి లేచిన పెద్ద బురుజు. ఔస్త్రా మోకాళ్ళు పట్టుకుని కింద బల్ల మీద కూర్చుండిపోయింది.

"నావల్ల కాదు. నువ్వెక్కి చూసొచ్చి నాకు చెప్పు. ఎలాగూ ఇంటికెళ్ళి మీ ఆవిడకీ చెప్పాలిగా, ఇక్కడే సాధన చేసుకో," అంది.

ఎల్మార్స్ ఎక్కాడు. మనిషి భుజాలు రెండు పక్కలా రాసుకునేంత ఇరుకు మెట్లు. పైన గాలి ఈలవేస్తోంది. అతను ఒక కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తరవాత దిగొచ్చాడు.

"ఊఁ, ఏం కనబడింది?"

"అడవి."

"అడవా? అంతేనా? ఎలాంటి అడవి?"

"పసుపు." ఎల్మార్స్ ఆలోచించాడు. "అక్కడక్కడా ఎరుపు. మధ్యలో నది."

ఔస్త్రా పకపకా నవ్వింది. "దేవుడా! మీ ఆవిడ ఎలా వేగుతోందయ్యా నీతో!"

సరదాకే అంది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. ఎల్మార్స్ బూటు లేసు బిగించుకోవడానికన్నట్టు వంగి, కాస్త ఆలస్యంగా లేచాడు.

మధ్యాహ్నం భోజనానికి ఆగిన చోట కూపను లెక్క ప్రకారం అతని ముందు రెండు పళ్ళేలు పెట్టారు. రెంటి నిండా పందిమాంసం వేయించి కలిపిన బూడిదరంగు బఠానీలు. రెండోది వెనక్కి పంపబోతుంటే ఔస్త్రా పట్టుకుంది. "ఆగాగు! డబ్బాలో పెట్టించి పట్టుకెళ్ళు. రాత్రికి వేడిచేసి పెడితే తింటుంది."

"జ్వరం మనిషికి బఠానీలేంటే?" అన్నాడు జానిస్. పొద్దున్నించి ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి.

"నువ్వూరుకో. ఎలా ఉందటయ్యా ఇప్పుడు?"

"పడుకుంది," అన్నాడు ఎల్మార్స్.

జానిస్ ఒకసారి అతనివైపు చూసి, మళ్ళీ చెంచా తీసుకున్నాడు.

త్సేసిస్ చేరేసరికి రెండున్నర దాటింది. శిథిలమైన పెద్ద కోట. పడమటి బురుజు లోపల కరెంటు దీపాలు పెట్టలేదు. గుమ్మం దగ్గరే కొవ్వొత్తి వెలిగించిన లాంతరు చేతికిస్తారు, దాని వెలుగులో మెట్లెక్కాలి. ఒక్కొక్కరే లోపలికి వెళ్తున్నారు. ఎల్మార్స్ అందరినీ వెళ్ళనిచ్చి ఆఖర్న బయల్దేరాడు. తన వెనక ఇంకొకరున్నారని సగం మెట్లెక్కాక అడుగుల చప్పుడును బట్టి తెలిసింది.

మెట్లు మలుపు తిరిగే చోట గోడలో గూడులాంటి ఖాళీ ఉంది. దారివ్వడానికి అతను అందులోకి జరిగాడు. వెనక వస్తున్నావిడ ముందుకు పోలేదు. లాంతరు కిందికి దించి పట్టుకుని నిలబడింది. యాభై ఏళ్ళ మనిషి, బస్సులో చివరి వరసలో తన చెల్లెలితో కూర్చున్నావిడ. పొద్దున్నించి ఎవరితోనూ పెద్దగా కలవలేదు.

"ఎల్మార్స్ గారూ, నా పేరు జిద్రా. ఓగ్రె లైబ్రరీలో పనిచేస్తాను."

అతను లాంతరు రెండో చేతికి మార్చుకున్నాడు.

"పొద్దున గైడు పేరు పిలిచినప్పుడే అనుమానమొచ్చింది. తర్వాత మీరెవరికో ట్రామ్ డిపోలో పనిచేశానని చెబుతుంటే ఖాయమైంది. నేను ఎవరితోనూ ఏమీ అనలేదు. మా చెల్లెలితో కూడా. అనను కూడా. మీరు భయపడకండి, అది చెప్దామనే వచ్చాను."

పైనుంచి ఎవరో నవ్విన చప్పుడు రాళ్ళ మధ్య దొర్లుకుంటూ వచ్చింది. ఎల్మార్స్ గోడకు ఆనుకున్నాడు. రాయి వీపుకు చల్లగా తగిలింది.

"ఎలా ఉంది?" అని అడిగాడు.

"బాగుంది. జ్వరమేం లేదు." జిద్రా కొంచెం నవ్వింది. "జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. శనివారాలు పిల్లలకి కథలు చదువుతుంది. రాక్షసి గొంతు పెట్టి చదివిందంటే పిల్లలు బల్లల కింద దూరతారు. చర్చి గాయకబృందంలో కూడా చేరింది."

"పాడుతోందా?"

"మంగళవారం మంగళవారం సాధన. మీకు తెలియదా? పెళ్ళికి ముందు కూడా పాడేదాన్నని మాతో అంది."

అతనికి తెలియదు. చెప్పిందేమో, తనే వినలేదేమో.

"నవ్వుతుందా?" అన్నాడు.

జిద్రా అబద్ధం చెప్పనా వద్దా అని ఆలోచించినట్టుంది. "నవ్వుతుందండీ. బాగా నవ్వుతుంది," అంది.

"మంచిది," అన్నాడు ఎల్మార్స్.

ఆవిడ పైకి వెళ్ళిపోయింది. అతను ఆ గూట్లోనే ఉండిపోయాడు. పొద్దున్నించి అతని కళ్ళముందున్న గది, నీలం దుప్పటి, టీ గ్లాసు, అన్నీ ఆ నాలుగు మాటలతో పోయాయి. దానికి బదులు పొట్టి జుట్టు ఆవిడ ఎవరో పిల్లల మధ్య కూర్చుని గొంతు మార్చి మార్చి చదువుతోంది. ఆవిణ్ణి ఇతను ఎప్పుడూ చూడలేదు. పైకెళ్ళినవాళ్ళు దిగడం మొదలుపెట్టాక, వాళ్ళతోపాటే కిందికి వచ్చి లాంతరు ఇచ్చేశాడు.

ఆ తర్వాత పాత ఊళ్ళో గంటన్నర ఎవరిష్టం వాళ్ళది. రాళ్ళు పరిచిన సన్నటి వీధులు, వంగిన పైకప్పులు. ప్రతి కిటికీలోనూ ఎవరిదో ఒకరి పూలకుండీ. అతను ఎవరి కంటా పడకుండా సెయింట్ జాన్ చర్చి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఒక కాఫీ తాగాడు. రొట్టెల దుకాణం ముందు నిలబడి, వెల్తాకి ఇష్టమైన షాజీర రొట్టె కొనబోయి, ఆగిపోయి, చివరికి సగం రొట్టె కొనుక్కున్నాడు.

బస్సు బయల్దేరాక ఔస్త్రా లేచి నడవలో నిలబడింది. ఆవిడ చేతిలో పెద్ద కార్డొకటి ఉంది. కోట బొమ్మ వేసిన కార్డు.

"అందరూ ఇటు వినండి! మన ఎల్మార్స్ వాళ్ళావిడ జ్వరంతో పడుంది. పాపం ఈ యాత్ర ఆవిడది కూడా. అందరం తలా ఒక సంతకం పెడదాం. పెన్ను ఇదిగో, పోగొట్టకండి."

"వద్దండీ, ఎందుకు..." ఎల్మార్స్ సగం లేచాడు.

"నిన్నెవరడిగారు? ఇది ఆవిడకి."

కార్డు వెనక్కి వెళ్ళింది. ఒక్కో వరస దగ్గర ఆగుతూ, మోకాళ్ళ మీద పుస్తకాలు పెట్టుకుని రాసేవాళ్ళ మధ్య నుంచి కదులుతూ వెళ్ళింది. అతను వెనక్కి తిరగకుండా దాని ప్రయాణం మొత్తం విన్నాడు. "త్వరగా కోలుకోండి అని రాశావా? నేను వేరేది రాస్తాను." "స్పెల్లింగు చూసుకో." "వసంతంలో మళ్ళీ వెళ్దాం అని రాయండి." కాఫీ తాగడానికి బస్సు ఆగినప్పుడు డ్రైవరు కూడా సంతకం పెట్టి, పక్కన చిన్న బస్సు బొమ్మ వేశాడు. జానిస్ ఆఖర్న తీసుకుని, పేరొక్కటే రాసి, ఎల్మార్స్‌కు అందించాడు.

ముప్పై నాలుగు సంతకాలు. ఒక మూల జిద్రా పేరు కూడా ఉంది. మధ్యలో పెద్ద అక్షరాలతో ఔస్త్రా రాసింది: 'వెల్తా గారూ, త్వరగా కోలుకోండి. మీ ఆయన మంచివాడే కానీ ఏం చూశాడో చెప్పడం రాదు, అందుకని ఓపిగ్గా అడగండి. కోలుకున్నాక నాకొక ముక్క రాయండి.' కింద అడ్రసు.

రీగాలో దిగేసరికి వీధి దీపాలు వెలిగాయి. అందరూ అతనితో చేతులు కలిపారు, వెల్తాను అడిగినట్టు చెప్పమన్నారు. జిద్రా చెల్లెలిని ముందు నడవమని తను ఆగింది.

"సోమవారం వెల్తా, నేను కలిసే భోంచేస్తాం. మీరు ఇమ్మంటే ఆ కార్డు ఇస్తాను. వద్దంటే ఈ రోజు నేను మిమ్మల్ని చూడనే లేదు."

ఎల్మార్స్ కార్డు వైపు చూశాడు. ఇంటికి తీసుకెళ్తే ఎక్కడ పెట్టాలి? చెత్తబుట్టలో ఎలా వేయాలి, అంతమంది పేర్లు?

"ఇవ్వండి. నేనేం చెప్పానో కూడా చెప్పండి," అన్నాడు.

బఠానీల డబ్బా మరుసటి రోజు మధ్యాహ్నం తనే తిన్నాడు.

గురువారం నాడు ఫోను మోగింది.

"ఎల్మార్స్, నాకు జ్వరమొచ్చిందట?"

పదిహేడు నెలల తర్వాత ఆ గొంతు. అతను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"ముప్పై ఎనిమిదట. బఠానీలు కూడా పంపారట, అవేవీ?" వెల్తా నవ్వాపుకుంటోందో, కోపమాపుకుంటోందో తెలియలేదు. "ఎందుకు చెప్పావు అలా?"

"అడిగారు."

"డిపోలో కూడా చెప్పలేదా?"

"లేదు. ఎలా చెప్పాలో తెలియలేదు."

"ఔస్త్రా అని ఒకావిడ జవాబు రాయమంది. నేనేం రాయను? కోలుకున్నానంటే అబద్ధం. కోలుకోలేదన్నా అబద్ధమే. నువ్వే రాయి."

"నేనా?"

"అవును, నువ్వే. నా బదులు మాట్లాడినవాడివి."

"పాడుతున్నావట," అన్నాడు ఎల్మార్స్.

"అవును. క్రిస్మస్ ముందు, ఆడ్వెంట్ మొదటి ఆదివారం కచేరీ ఉంది."

"మంచిది." తరవాత, ఫోను పెట్టేస్తుందేమోనన్న భయంతో గబగబా అన్నాడు: "వెల్తా, నువ్వు తిరిగొస్తావని అనుకుంటూ ఉన్నాను. అందుకే ఎవరికీ చెప్పలేదు."

"తెలుసు." ఆమె గొంతు మెత్తబడింది. "నేను రాను ఎల్మార్స్. ఆ మాట అప్పుడే చెప్పాల్సింది. నువ్వు మాట్లాడవని అంత నిష్ఠూరాలాడాను గానీ, అసలు మాట నేనూ చెప్పలేదు."

ఔస్త్రాకు ఉత్తరం రాయడానికి అతనికి మూడు సాయంత్రాలు పట్టింది. ఎన్నో కాగితాలు చింపాక మిగిలింది ఇది: 'ఔస్త్రా గారికి. నా భార్యకు జ్వరం లేదు. ఆమె కిందటి ఏడాది మే నెలలో వెళ్ళిపోయింది. నేను ఎవరికీ చెప్పలేదు. బస్సులో అందరి ముందు అడిగితే అబద్ధమాడాను. మీరు కార్డు కొన్నారు. క్షమించండి. ఎల్మార్స్ క్రూజె.' పోస్టులో వేసి, మర్నాడు గుంటిస్‌కి కూడా ఫోను చేసి చెప్పాడు. గుంటిస్ "మొద్దు వెధవా, మాకు చెప్పొద్దూ?" అని, ముక్కు చీదుకున్నాడు.

తొమ్మిది రోజులకు జవాబొచ్చింది.

'ఎల్మార్స్, నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఒళ్ళు మండిపోయింది. పెన్ను పట్టుకుని బస్సంతా తిరిగినదాన్ని నేను. నన్ను పిచ్చిదాన్ని చేశావనిపించింది. మూడో రోజు జానిస్‌కి చదివి వినిపిస్తే, నాకు తెలుసు అన్నాడు. పొద్దున అడిగితే అతను పడుకుందన్నాడు, మధ్యాహ్నం అడిగినా పడుకుందన్నాడు, జబ్బు మనిషైనా అంతసేపు పడుకుంటుందా, రోజంతా ఒక్క ఫోనైనా చేశాడా అన్నాడు. మరి సంతకమెందుకు పెట్టావయ్యా అంటే, కార్డు పట్టుకుపోయేది అతనే కదా అన్నాడు. యాభై రెండేళ్ళ కాపురంలో ఆయన నాతో ఒక్కపూట అన్ని మాటలనడం ఇదే మొదలు. భోజనానికి రమ్మని రాద్దామనుకున్నాను గానీ ఇంకా కోపం తగ్గలేదు. తగ్గాక రాస్తాను. ఔస్త్రా.'

ఆడ్వెంట్ మొదటి ఆదివారం ఎల్మార్స్ ఓగ్రె రైలెక్కాడు. ఈసారి స్టేషన్ నుంచి తిరిగి రాలేదు. చర్చి నిండిపోయి ఉంది. వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. ముప్పై మంది ఆడవాళ్ళు ఒకే రంగు శాలువాల్లో వచ్చి వరసలు కట్టారు. రెండో వరసలో పొట్టి జుట్టుతో వెల్తా ఉంది. వయసు తగ్గినట్టనిపించింది. పాట మొదలైంది. అతను కళ్ళు మూసుకుని, ఆ గొంతులన్నిటిలోంచి ఆమె గొంతును వేరుచేయాలని చూశాడు. ట్రామ్ కింద పడుకుని చెవితోనే ఏ బేరింగు అరుగుతోందో చెప్పగలిగిన మనిషి. నాలుగు పాటలయ్యాయి. ఆమె గొంతు ఏదో అతనికి తెలియలేదు.

కచేరీ అయ్యాక జనం మధ్య నుంచి వెల్తానే అతన్ని చూసి వచ్చింది.

"నువ్వా! చెబితే ముందు కుర్చీ పెట్టించేదాన్నిగా. ఎలా ఉంది?"

"బాగుంది," అన్నాడు. ఆమె మొహంలో పాత అలసట కదలడం చూసి, ఆగకుండా, "నీ గొంతు కోసం వెతికాను. దొరకలేదు. నాలుగు పాటలూ వెతికాను," అన్నాడు.

వెల్తా శాలువా అంచు సర్దుకుంది.

"నాది కింది స్థాయి గొంతు. మాది ఎవరికీ విడిగా వినబడదులే," అంది.

తలుపు దగ్గర నుంచి ఎవరో ఆమెను పిలిచారు. అందరూ కలిసి టీకి వెళ్తున్నారు, జిద్రా కూడా చెయ్యి ఊపుతోంది. వెల్తా అతని మోచేతి మీద ఒక్క క్షణం చెయ్యి వేసి, "జాగ్రత్తగా వెళ్ళు. మెట్ల మీద మంచు ఉంది," అని వాళ్ళవైపు వెళ్ళింది.

బయట మంచు పలచగా కురుస్తోంది. అతని రైలుకు ఇంకా నలభై నిమిషాలుంది. ప్లాట్‌ఫారం మీద వేరే ఎవరూ లేరు. అటు చివరి దాకా నడిచాడు, మళ్ళీ ఇటు వచ్చాడు. జేబులోంచి చేతి తొడుగులు తీసి వేసుకుని, రీగా వెళ్ళే రైలు వెలుగు కోసం పట్టాల వెంట చూస్తూ నిలబడ్డాడు.